షావలి కొట్టిన చిన్నరాళ్ళు

మా పల్లెలో దేనికి కొదవున్నా గాలికి కొదవ లేదు. ఉతికిన చీర దండెం మీద వేసి ఇటు తిరిగేలోపు అది ఎదురింటి కంచె మీద ఉంటుంది. పొయ్యి ఊదే పని లేదు, ఆరిపోకుండా కాపాడుకోవడమే పని. ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో, కొండ వాలుకు ఆనుకుని ఉంటుంది మా పల్లె. పెళ్ళయి అనంతసాగరం నుంచి వచ్చిన కొత్తలో ఈ గాలిని నేను తిట్టని తిట్టు లేదు. ఇదే గాలి ఒకరోజు మా ఆయనకు ఉద్యోగం ఇస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళనీ తిట్టేదాన్ని.

తొంభై ఐదులో ఏదో కంపెనీ వాళ్ళు వచ్చి కొండ నెత్తిన పొడుగాటి ఇనుప స్తంభం నిలబెట్టారు. దాని కొనలో మూడు గిన్నెలు గిరగిరా తిరుగుతుంటాయి. గాలి ఎంత వేగంగా వీస్తుందో ఏడాది పాటు చూసి, సరిపోతే కొండ పొడుగునా గాలిమరలు పెట్టి కరెంటు తీస్తారట. ఆ స్తంభానికి కాపలా మా ఆయన జోయల్. మేకలు తీగల్ని తొక్కకుండా, ఎవరూ బోల్టులు ఊడదీసుకుపోకుండా చూడాలి. "గాలికి కాపలా కాసేవాడివి నువ్వేనంటరా" అని పల్లెలో అందరూ ఎగతాళి చేశారు. చేసుకోనీ అనుకున్నాను. గాలికి కాసినా దుమ్ముకి కాసినా పొద్దుగూకేసరికి మనిషి ఇంటికి వస్తున్నాడు కదా.

అంతకుముందు ఆయన లారీ డ్రైవరు. కావలిలో సరుకెత్తితే నాగపూర్ దాకా పోవడమే. నా మొదటి కాన్పులో బిడ్డ కళ్ళు తెరవకుండానే పోయినప్పుడు ఆయన ఆ దారిలో ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. కబురందేసరికి అంతా అయిపోయింది. మట్టి వేసింది మా అత్త హన్నమ్మ. ఉదయగిరిలో రాళ్ళు కొట్టే షావలి దగ్గరికి పోయి, పసిబిడ్డల సమాధులకని పైన గుండ్రంగా చెక్కే చిన్నరాయి ఒకటి తెచ్చి పాతించిందీ ఆమే. తప్పు మా ఆయనది కాదని నాకు తెలుసు. తెలిసినా ఆ కోపం చాలాకాలం పోలేదు.

స్తంభం నిలబెట్టిన మరుసటేడు ఈస్టర్ నాటికి నాకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. నేను కోరుకున్నది ఒక్కటే. ఈసారి నొప్పులొచ్చేటప్పటికి ఈ మనిషి పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. కాపలా ఉద్యోగం నిలిస్తే ఉంటాడు, ఊడితే మళ్ళీ లారీ ఎక్కుతాడు. అంతకుమించి గాలిమరల గురించి నాకు పట్టింపు లేదు.

ఉద్యోగం నిలిచేటట్టే కనబడింది. కంపెనీ ఇంజనీరు రామనారాయణ గారు ఆత్మకూరులో బియ్యం కొట్టు పైన గది తీసుకుని ఉండేవాడు. మంచివాడే, కానీ కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. ఆయన కొండ వాలంతా కొలిపించి, ఎక్కడెక్కడ మర నిలబడాలో, ఎటు రోడ్డు పడాలో అక్కడల్లా రాళ్ళు పాతించాడు. ఈస్టర్ అయిన వారంలోనే హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఆ రాళ్ళ వెంట నడిచి చూస్తారు. వాళ్ళు సరేనంటే జోయల్‌ని పర్మనెంటు చేయిస్తానని మాటిచ్చాడు. ఒక షరతు మాత్రం పెట్టాడు. రాళ్ళు ఎక్కడ పాతిందీ బయటికి పొక్కకూడదు, పొక్కితే భూముల వాళ్ళు రేపే గొడవకు దిగుతారు. మా ఆయన ఆ మాట ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే కన్నతల్లికి కూడా చెప్పలేదు. నాకు చెప్పాడు. నాకు చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదు.

రాళ్ళు దొరికింది షావలి దగ్గరే.

"కొత్తగా కొట్టాలంటే నెల పడతాదన్నాడు సుధా. కొట్టం వెనక కొట్టి పెట్టినవి ఉండాయంట, అవే ఇచ్చేసినాడు," అని ఆగాడు జోయల్. "చిన్నరాళ్ళు. ఫ్యాన్లకి గుర్తు పెట్టడానికని చెప్తే మనిషి ఎంత సంబరపడినాడో. ఈ పనికే పోనీరా అబ్బాయ్, అన్నీ ఎత్తుకుపో, ఒక్కటి కూడా నాకాడ మిగలొద్దు అన్నాడు."

చిన్నరాళ్ళంటే ఏవో ఇద్దరికీ తెలుసు. ఆయన తల దించుకున్నాడు. నేను గిన్నె తోముతూ ఉండిపోయాను.

ఈస్టర్ ముందు శనివారం మా పల్లెలో సమాధులకి సున్నం వేస్తారు. గుల్లసున్నం నానబెట్టి, వడగట్టి, నీలిమందు కలిపి, ఆడవాళ్ళంతా బకెట్లూ కుంచెలూ పట్టుకుని కొండ కింద సమాధుల తోటకి పోతారు. ముళ్ళు కొట్టి, ఎవరి వాళ్ళకి వాళ్ళు సున్నం కొట్టి, ఆరాక నీలిమందుతో సిలువ గీస్తారు. అక్కడికి పోయిన సున్నం ఇంటికి తిరిగి రాకూడదు. మిగిలినదంతా దిక్కులేని సమాధులకి వేసి, బకెట్ బోర్లించి రావాలి. ఈ దిక్కులేని వాళ్ళ విషయంలో మా అత్తకి పట్టింపు ఎక్కువ. మన వాళ్ళకి మనం ఉన్నాం, వాళ్ళకెవరున్నారని కావాలనే రెండింతల సున్నం కలుపుతుంది.

నేను పోలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు సమాధుల తోటలో అడుగు పెట్టకూడదు.

"ప్రభువుని నమ్ముకున్నోళ్ళకి ఈ పట్టింపులేంది అత్తా?" అన్నాను. "మిషన్ దొరలొచ్చి నూరేళ్ళు దాటిపాయ."

"దొరలు కడుపుతో వచ్చినారా?" అంది ఆమె, బకెట్ ఎత్తుకుని.

జోయల్ కూడా లేడు. పెద్దవాళ్ళు వస్తున్నారు, సామాన్లు దించాలి, సోమవారం దాకా తన దగ్గరే ఉండమని ఇంజనీరు ఆత్మకూరుకి పిలిపించుకున్నాడు. పండగపూట కూడా లేకపోతే ఎట్లా అని నేను సణిగాను. ఇదొక్కసారే అన్నాడు.

అత్తా, వింజమూరు కాలేజీలో చదువుతూ పండక్కి వచ్చిన మా ఆడబిడ్డ జెస్సీ పొద్దున్నే పోయి, ఎండ నడినెత్తికెక్కాక తిరిగొచ్చారు. అత్త కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి గోడకి చేరగిలబడి కూర్చుంది. సున్నం సరిపోయిందా అంటే, చాల్లేదు, రెండో బకెట్ కూడా కలుపుకోవాల్సి వచ్చిందని అంది. జెస్సీ వైపు చూస్తే అది ముఖం తిప్పుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో అంతా తలకిందులైంది. తాగే నీళ్ళు కాచి చల్లార్చినవైతే తప్ప నన్ను ముట్టనివ్వదు. వాకిట్లోకి వస్తే లోపలికి పొమ్మంటుంది. ఎవరి బిడ్డ ఏడ్చినా ఉలిక్కిపడి లేస్తుంది. అన్నిటికంటే నా మనసు విరిచింది బొంత. పుట్టబోయే బిడ్డ కోసం తన పాత నూలు చీరలు మడతలు పెట్టి, నెల రోజులుగా రోజూ కాసేపు బొంత కుట్టేది. ఒక మూల మాత్రమే మిగిలింది. శనివారం సాయంత్రం దాన్ని చుట్టచుట్టి, ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి మూత వేసేసింది.

"ఎందుకత్తా తీసేసినావు? కాసింతేగా ఉండాది."

"ఇప్పుడేం తొందర. పుట్టనీ," అంది, నా కళ్ళలోకి చూడకుండా.

ఆదివారం పండగ. వేటకూర ఉడుకుతోంది, ఎదురుపడిన వాళ్ళంతా క్రీస్తు లేచాడని పలకరించుకుంటున్నారు. మా అత్త మాత్రం తెల్లవారి ఆరాధన నుంచి వచ్చి పళ్ళెంలో చెయ్యి పెట్టి, అట్లాగే తీసేసింది. ఈ బిడ్డ కూడా నిలవదని ఆమెకి ఏదో అనిపించింది, అందుకే బొంత దాచేసింది అనుకున్నాను. ఆ ఆలోచనతోనే ఆ రాత్రంతా పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. లోపల బిడ్డ బాగానే తన్నుతున్నాడు. అయినా భయమేసింది, కోపమూ వచ్చింది. భయమేస్తే నాకు కోపం రావడం అలవాటు.

సోమవారం ఉదయం అత్త మంత్రసాని ఓబమ్మని వెంటేసుకుని చుట్టుపక్కల పల్లెలకి పోయింది. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం నేను జెస్సీ జడ పట్టుకుని వంటింట్లోకి లాగాను. "చెప్తావా, జడ పీకమంటావా?"

అది ఏడవడం మొదలుపెట్టింది. "నీకు చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకుంది వదినా. మన తోట పైన, వాలు పొడుగునా, కంపల్లో ఎవురో బిడ్డల్ని పూడ్చి ఉండారు. అన్నీ కొత్త రాళ్ళే. షావలి కొట్టే చిన్నరాళ్ళు. రాయి రాయికీ ఎర్ర సిలువ. పక్కన ఏదో ఇంగ్లీషు అచ్చరం, దాని పక్కన అంకె. రెండు, మూడు, ఐదు... అది బిడ్డ వయసని అమ్మకి నేనే చదివి చెప్పినా. ఏదో జబ్బు తగిలి ఉంటాది, ఊరికి తెలీకుండా పూడ్చేసి పోయినారంది అమ్మ. వాళ్ళకి దిక్కెవురని అందరం కలిసి అన్నిటికీ సున్నమేసి, పైన నీలం సిలువలు గీసి, పాట పాడి వచ్చినాం."

అవి సమాధులు కావు, సర్వే రాళ్ళు. ఎర్ర సిలువ కొలిచిన చోటికి పెట్టిన గుర్తు. అక్షరం మరదో రోడ్డుదో చెప్తుంది, అంకె దాని నంబరు. బిడ్డలెవరూ పోలేదు. ఊపిరి పీల్చుకునేంతలోనే రెండో సంగతి తట్టింది. కొండ వాలంతా చేసిన కొలతల్ని మా అత్త తుడిచిపెట్టేసింది. కాపలా ఉన్నవాడి కన్నతల్లే.

వాకిట్లో జీపు ఆగింది.

ముందు దిగింది రామనారాయణ గారు. చెవులు ఎర్రగా కాదు, నల్లబడి ఉన్నాయి. వెనక జోయల్ దిగాడు. ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టుంది ఆయన ముఖం. ముందుగా కొండ మీదికి పోయి చూసి వస్తున్నారన్నమాట. ఇంజనీరు జీపు వెనక నుంచి తెల్లగా మెరుస్తున్న చిన్నరాయిని తీసి మా వాకిట్లో పడేశాడు. దాని మీద నీలం సిలువ ఇంకా చెదరలేదు.

"చూడండి! కొండ మొత్తం సిలువలు గీసి పెట్టారు. స్థలం మాదని చెప్పడానికేగా? ఎవరి పని ఇది? మాటల్తో అడిగితే చెప్పరా? ఈ రాయి తీసుకుని నేరుగా ఉదయగిరి స్టేషన్‌కి పోతున్నాను. జోయల్, నీ సంగతి తర్వాత. నీకు ఉద్యోగం ఇచ్చినందుకు నన్ను అనుకోవాలి."

"సార్, నేను ఆత్మకూర్లో మీ కాడనే ఉండాను గదా సార్..."

"కాపలా ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపు వీధి మలుపు తిరిగి మా అత్త వచ్చింది. ఎండలో నడిచి నడిచి ముఖం కమిలిపోయి ఉంది. వాకిట్లో పడున్న రాయిని చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. పరుగున వచ్చి, కింద కూర్చుని, రాయిని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవుర్రా పీకింది దీన్ని?" అంది. "ఏ తల్లి కన్న బిడ్డో, మట్టి కింద కూడా నెమ్మదిగా పండుకోనీరా మీరు? చేతులెట్లా వచ్చినాయిరా?"

ఇంజనీరు ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నెమ్మదిగా, "ఈ సున్నం వేసింది నువ్వా?" అన్నాడు.

"నేనే అయ్యా. ఇంకెవురేస్తారు, దిక్కులేని బిడ్డలకి?" ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఆ మనిషి కోపం ఆమెకి దుఃఖంలా కనబడినట్టుంది. గొంతు తగ్గించింది. "నీ బిడ్డలా నాయనా వాళ్ళు? నీకు తెలిసినోళ్ళ బిడ్డలా? ఏం జబ్బు తగిలింది? పొద్దుట్నించీ పల్లె పల్లె తిరిగినా. ఒక్కరూ చెప్పరే. నా కోడలు నెలలు నిండి ఉండాది. చెప్పు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఇక నావల్ల కాలేదు. "అత్తా!" అని అరిచాను. వీధిలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. "ఎవురూ చావలేదు! అవి సమాధులు కావు. గాలిమరలకి గుర్తు పెట్టిన రాళ్ళు. నీ కొడుకే పాతించినాడు. షావలి కాడ ఉండిన రాళ్ళు తెచ్చి పాతించినాడు. కింద మట్టి తప్ప ఏమీ లేదు!"

ఆమె నా వంక జాలిగా చూసింది. "నీకు తెలిసిపోయిందా? ఆ జెస్సీ చెప్పేసిందా? కడుపుతో ఉండి నాకు ధైర్యం చెప్తా ఉండావా తల్లీ?"

"మా, నిజం మా," అన్నాడు జోయల్. "నేను పాతిచ్చినా. సార్ చెప్పొద్దన్నాడని నీకు చెప్పలా."

"అయితే తవ్వి చూపించు," అంది మా అత్త.

రామనారాయణ గారు నుదురు తుడుచుకున్నాడు. స్టేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు. "రా అమ్మా, జీపెక్కు," అన్నాడు. నేనూ ఎక్కబోయాను. నువ్వెక్కడికే అని అత్త ఆపింది. "ఎవురూ లేని చోటికి రావడానికి నాకేం అడ్డం? రోడ్డు పక్కనే ఉంటా, తోటలోకి రాను," అని ఎక్కి కూర్చున్నాను. ఆపితే ఊరుకునే మనిషిని కాదని ఆమెకి తెలుసు.

కొండ వాలు కింద జీపు ఆగేసరికి నాకు కనబడింది. ముళ్ళకంపల మధ్య, ఎర్రమట్టిలో, తెల్లటి రాళ్ళు వరసగా పైకి పోతున్నాయి. ఒక్కొక్కదాని మీద నీలం సిలువ. వాటి కింద ఏమీ లేదని తెలిసిన నాకే చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఇక మా అత్త ఆ శనివారం ఎట్లా నిలబడిందో, ఎట్లా పాట పాడిందో.

జోయల్ గునపంతో మొదటి రాయి పెకలించాడు. కింద తవ్వాడు. ఎర్రటి గరపమట్టి, దాని కింద గులకరాళ్ళు. ఇంకా తవ్వమంది అత్త. తవ్వాడు. బండ తగిలి గునపం ఖంగుమంది. ఆమె వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. ఇంకో రాయి చూపించింది. దాని కిందా అంతే. మూడోది ఆమే పట్టుకుని లాగింది.

"ఏమీ లేదు," అంది. అని, మళ్ళీ గట్టిగా, పైన కొండ మీద మేకల వాళ్ళకి కూడా వినబడేటట్టు అరిచింది. "ఏమీ లేదురా! అన్నీ ఖాళీనే!"

ఆ గుంట పక్కనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. సున్నం చేత్తోనే తుడుచుకుంటోంది. కాసేపటికి లేచి ఒక్కో రాయి దగ్గరికి పోయి, దాని నెత్తి మీద తట్టి, "నీ కింద ఎవురూ లేరంట," అని చెప్తూ పైకి నడిచింది. ఎవరూ ఆపలేదు. డ్రైవరు పెంచలప్రసాద్ కూడా జీపు దిగి అట్లాగే నిలబడి చూశాడు.

రామనారాయణ గారు ఒక రాయి మీద కూర్చున్నాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, జోయల్ వైపు తిరిగాడు.

"ఊరు మొత్తం ఎదురు తిరిగిందనుకున్నానయ్యా. అట్లాంటిదేదైనా అయితే పెద్దవాళ్ళు వచ్చీ రాగానే వెనక్కి పోతారు, నా ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. ఇంతేనా? ఇదేనా గొడవ?" ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వగలడని అప్పటిదాకా నాకు తెలీదు. "పెద్దవాళ్ళు వచ్చేలోపు ఈ సున్నం గీకి, నంబర్లు మళ్ళీ వెయ్యాలి. ఏ రాయి ఎక్కడో మ్యాపులో ఉందిలే. చెయ్యగలవా?"

"చేస్తా సార్," అన్నాడు జోయల్. తర్వాత అడగలేక అడిగాడు. "నా ఉద్యోగం సార్?"

"ఇట్లాంటి అమ్మ కొడుకుని తీసేసి ఎవర్ని పెట్టుకోను?"

నేను జీపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అమ్మయ్య అన్న మాట నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చిందో, పెంచలప్రసాద్ వెనక్కి తిరిగి చూశాడు.

పైనుంచి దిగి వచ్చిన మా అత్త ఇంజనీరు ముందు నిలబడింది. "అయ్యా, నీకో మాట. మళ్ళా గుర్తులేసేటప్పుడు సిలువ ఎయ్యొద్దు. సున్నా చుట్టుకో. సిలువేస్తే వచ్చే ఏడు కూడా సున్నమేస్తాం."

ఆయన ఒప్పుకున్నాడు. అందుకే ఆ కొండ మీది రాళ్ళన్నిటి మీదా ఇప్పుడు ఎర్ర సున్నాలే ఉంటాయి. మరుసటి రోజు జోయల్, జెస్సీ, సున్నం వేసిన ఆడవాళ్ళంతా కలిసి గీకారు. సున్నం వేసేటప్పుడు ఏడ్చిన వాళ్ళే గీకేటప్పుడు ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారట. పెద్దవాళ్ళు వచ్చి నడిచి చూసి పోయారు. మరలు ఎప్పుడు నిలబడతాయో ఆ పైవాళ్ళకే తెలియాలి. కాపలా మాత్రం ఉంది.

ఆ సోమవారం సాయంత్రం మేం ఇల్లు చేరాక, అత్త స్నానం చేసి వచ్చి, పొద్దుటి నుంచి ముట్టని అన్నం మొత్తం తినేసింది. నిన్నటి వేటకూర మిగిలింది ఉందా అని అడిగి మరీ వేయించుకుంది. జోయల్ వాకిట్లో మంచం వేసుకుని, గాలికి ఎగిరిపోతున్న దుప్పటిని కాలితో తొక్కి పట్టుకున్నాడు. పిలిస్తే పలికే దూరంలోనే ఉన్నాడు. నేను ఊరికే ఒకసారి పిలిచాను. ఏంది అన్నాడు. ఏం లేదన్నాను.

లోపల ట్రంకుపెట్టె మూత తెరిచిన చప్పుడైంది. అత్త బొంత చంకన పెట్టుకుని వచ్చి, దీపం దగ్గర నా పక్కన కూర్చుంది. మడత విప్పి, కుట్టకుండా మిగిలిన మూల వెతికి, సూదీ దారం నా చేతిలో పెట్టింది.

"దారం ఎక్కించి ఇయ్యవే," అంది. "రెండ్రోజులు ఏడ్చినానేమో, కళ్ళు సరిగ్గా ఆనడం లేదు."